దీపం కొండెక్కిందా, పొలిమేర దాటిందా?

2017 అక్టోబరులో స్టార్ మాలో వెలిగిన ‘కార్తీకదీపం’ సీరియల్ పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్ల తర్వాత 2023 జనవరి 23న కొండెక్కింది. అనంతపురంలో మా వీధి పెద్దమ్మ కోపం మాత్రం ఇంకా కొండ దిగలేదు. విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ, పప్పు చాటలోకి, పొట్టు టీవీలో విలన్ మోనిత ముఖం మీదికి విసురుతూ అన్నేళ్లు చూసిన మనిషి మరి!

‘‘ఇదేం ముగింపప్పా! మా బోరు ఎండితే మీటరు పట్టుకొచ్చేటాయన్ని పిలుస్తాం, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టేటాయన్నీ పిలుస్తాం. అంత చదివిన డాక్టరు బాబు పెండ్లాన్ని అనుమానించి, ఒక్క డీఎన్‌ఏ పరీక్షకు ఇన్నేండ్లు సాగదీస్తాడా?’’

న్యాయమే. 2022 మార్చిలో డాక్టరు బాబునూ ఆయన భార్య వంటలక్కనూ కారు ప్రమాదంలో చంపేశారు. రేటింగు పడిపోగానే ఆగస్టుకల్లా ఇద్దరూ బతికొచ్చారు. మా జిల్లాలో పోయిన వానే తిరిగి రాదు. రేటింగు పోతే చచ్చినవాళ్లూ వస్తారు.

అక్కడితో ఆగారా? 2024 మార్చిలో అదే జంటతో కొత్త కథ, ‘నవ వసంతం’ అని తోక తగిలించి మరీ!

‘‘రెండో పంటా? మాకు ఒక్క కారుకే దిక్కు లేదే!’’ అంది పెద్దమ్మ. చూడను గాక చూడనని ఒట్టు కూడా పెట్టుకుంది.

కేబులు డబ్బులు మాత్రం ఒకటో తేదీ పొద్దున్నే కట్టేసింది.