సర్వజనమిత్రుడు

ప్రతి కళాశాలయందును విద్యార్థిసంఘమునకు అధ్యక్షుడొకడుండును, ఉపన్యాసకులుందురు, నియమావళియు నుండును. అయినను ఆ సంఘము నిజముగా నడచుట, ప్రిన్సిపాలుగారి గది మొదలు సైకిళ్ళ షెడ్డు కావలివాని బల్లవరకు ఎల్లచోట్ల చనువుగా మెలగు ఒకానొక కార్యదర్శి వలననే. ఇట్టివారిని మా ఎర్రుపాలెము పుష్కలముగా పండించుచున్నది. ఇచ్చటి పిల్లలు చదువునకై పాసింజరెక్కి ఒకవైపు ఖమ్మము, మరొకవైపు బెజవాడ పోవలసినవారు. తొండలగోపవరము, మధిర, బోనకల్లు, చింతకాని దాటునప్పటికి పెట్టెలో పరిచయము కాని మానవుడు మిగులరాదన్నది వారికి నిత్యవ్రతము.

మన కథానాయకుడు ఖమ్మము కళాశాలలో జాతీయ సేవాపథకమునకు, అనగా ఎన్నెస్సెస్సునకు, విద్యార్థినాయకుడు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయములలో ఆరంభమైన ఆ పథకము, సేవకుడు రెండేండ్లలో 240 గంటలు పనిచేయవలెనని విధించినదే కాని, ఆ పనికి వలయు పలుగులు, పారలు, తట్టలు ఎవరినడిగి తేవలెనో చెప్పినది కాదు. ఆ కొరత తీర్చుటకే భగవంతుడు ఇతనిని సృష్టించెను.

సెమినారు హాలు కావలసినచో సామాన్యుడు ప్రిన్సిపాలునకు దరఖాస్తు పెట్టును. ఇతడు తాళపుచెవుల గుత్తి మొలకు చెక్కుకొన్న అటెండరు వద్దకు పోవును. పోయి హాలు మాట ఎత్తడు.

“బాబాయ్, మోకాలి నొప్పి ఎట్లా ఉంది?”

“ఏముందిరా, మెట్లెక్కలేక చస్తన్నా.”

“జమలాపురం ఎంకన్నకి మొక్కుకోరాదూ? శనివారం నేను పోతున్నా, నీ పేరున కొబ్బరికాయ కొట్టుకొస్తా.”

సోమవారమున ప్రసాదపు పొట్లము, అరచెక్క కొబ్బరి, కాగితములో మడచిన కుంకుమ అటెండరు బల్లపైకి చేరును. మోకాలు కుదిరినదో లేదో ఆ వేంకటేశ్వరునికే తెలియవలెను. హాలు మాత్రము మంగళవారము ఉదయమునకే ఊడ్చి, కుర్చీలు సర్ది, ఫ్యానులు తిరుగుచు, మైకు “హలో, హలో” అనుచు సిద్ధముగా నుండును. ప్రిన్సిపాలుగారి అనుమతి బుధవారము వచ్చును.

స్కాలర్‌షిప్పుల గుమాస్తా, హాస్టలు వంటమనిషి, గ్రంథాలయపు మేడమ్, అందరి కథయు ఇంతే. గోడలపై ఎర్రరంగుతో వ్రాయువారికిని, కాషాయముతో వ్రాయువారికిని ఒకే నిచ్చెన ఇప్పించు మధ్యవర్తి ఇతడే. అందుచేతనే రక్తదానశిబిరమున ఉభయపక్షములవారును ప్రక్కప్రక్క మంచములపై పరుండి, ఒకరి మొగమొకరు చూడక పైకప్పును పరీక్షించుచు రక్తమిత్తురు.

పొరుగు కళాశాలతో పని పడినప్పుడు ఇతనికి చరిత్ర జ్ఞప్తికి వచ్చును. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియానుండి వెడలగొట్టబడిన విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయము ఆదరించి చేర్చుకొన్న వృత్తాంతమును గద్గదకంఠముతో వినిపించి, తుదకు, “కాబట్టి మీ జనరేటరు రెండు రోజులు ఇప్పించండి సార్” అని ముగించును. అంతటి త్యాగచరిత్ర విన్న పిమ్మట జనరేటరు నిరాకరింపగల పాషాణహృదయుడు ఇంతవరకు పుట్టలేదు.

అందరిని ఎరిగిన ఈ మహానుభావుని ఎరుగనిది అతని తరగతి ఒక్కటే. హాజరు 75 శాతమునకు తగ్గిన వేళ అర్థశాస్త్రపు అధ్యాపకుడు, “నీవెవరవయ్యా, కొత్తగా చేరితివా?” అని అడిగెను. మరునాటి వక్తృత్వపోటీ కరపత్రమున ప్రధాన న్యాయనిర్ణేతగా ఆ అధ్యాపకుని పేరే పెద్దక్షరములలో వెలసెను. అటుపిమ్మట హాజరు సంగతి ఏమైనదో నేను విచారింపలేదు.

ఇది వట్టి కాకా పట్టుట అని గిట్టనివారందురు. నేనొప్పుకొనను. కాకారాయుడు తనకంటె పైమెట్టువానినే పలకరించును, పని తీరగానే మొగము చాటువేయును. ఇతడో, శిబిరము ముగిసి, పారలు లెక్కపెట్టి ఎవరివి వారికి అప్పగించి, పదవియు దిగిన తరువాతకూడ ఆ మెట్లవద్ద ఆగి, మోకాలి క్షేమము కనుగొనియే పోవును. ఆ ప్రశ్న హాలు కొరకే పుట్టినదైనను, అలవాటై నిజమైపోయినది.

కావున ప్రిన్సిపాలుగార్లకు నా విన్నపమొక్కటే: ఇతని దరఖాస్తు వచ్చినప్పుడు దయచేసి సంతకము సోమవారమే చేయుడు. హాలు ఎటులైనను మంగళవారము తెరచియే యుండును. మీ అనుమతి తరువాతనే తెరచిరన్న మర్యాదయైనను మీకు దక్కును.