ఇచ్చేది ఇచ్చి గుడికి రండి

పొద్దున్నే ఫోను తెరిస్తే చాలు, బైబిలు వాక్యాలే వాక్యాలు. గులాబీల మీద ఒకటి, సూర్యోదయం మీద ఒకటి, సొంత ఫొటో పక్కన ఇంకొకటి. పంపినవాళ్లు నాకు తెలియనివాళ్లా? ఒకాయన మేడ కట్టించుకుని తాపీమేస్త్రీని నెలల తరబడి తిప్పుతున్నాడు. ఇంకొకాయన గట్టు జరిపి అన్న పొలం కలుపుకున్నాడు. మరొకాయన కారు వెనక అద్దం నిండా దేవుడి పేరే, ఆ కారు వచ్చేది మాత్రం రాంగ్ రూట్లో!

మా రోజుల్లో ఈ ఆటలు సాగేవి కావు. మాది ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘం. ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆదివారం దగ్గర పడిందంటే ఊళ్లో రాజీలు మొదలయ్యేవి. ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరి బాకీ ఎవరు ఎగ్గొట్టారో సంఘ పెద్దలకు తెలుసు. "ముందు ఆ అప్పు సంగతి తేల్చుకురా, రొట్టె తర్వాత తీసుకుందువుగాని" అని మొహం మీదే అనేవారు. తాగి పెళ్లాన్ని కొట్టినవాణ్ణి, తూకంలో మోసం చేసినవాణ్ణి బల్లకు రాకుండా నిలిపేసేవారు. ఇప్పుడు నిలపమనండి చూద్దాం! నెల తిరక్కుండా పక్క వీధిలో కొత్త సంఘం వెలుస్తుంది. దానికి ఆయనే పెద్ద.

మాకు ముందు తరాలవాళ్ల ముందు మేమూ తీసికట్టే. 1866లో బాప్తిస్మం తీసుకున్న తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య వెంట వచ్చిన తొలి విశ్వాసులకు మిషనరీ క్లౌ దొరగారు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి తేలికే. పాటించబోతే మోతుబరులు మండిపడ్డారు, పనిలోకి రానివ్వలేదు. నీతిగా బతకడమంటే వాళ్లకు పస్తుండటం.

ధాత నామ సంవత్సరం నాటి కరువులో అదే దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు పట్టి, తన ప్రచారకులనే మేస్త్రీలుగా పెట్టి, జనానికి కూలి దొరికేలా చూశారు. గంజి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు తగ్గేదాకా బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందు కూలి, తర్వాత నీళ్లు. ఇప్పుడో, సభకు ఎంతమంది వచ్చారన్నదే లెక్క. టెంటువాడి బాకీ ఎవరికీ గుర్తుండదు.

కానుకల సంగతీ అంతే. మా అమ్మలు ఎసట్లో పోసే బియ్యంలోంచి రోజూ పిడికెడు తీసి కుండలో వేసేవారు. ఆదివారం అది గుడికి చేరేది, ఎవరిదెంతో ఎవరికీ తెలియదు. ఇప్పుడు కవరు మీద పేరుండాలి, మైకులో చదవాలి, చదవకపోతే అలక. సౌండు బాక్సులైతే గుడికంటే ఎత్తు. పాటల మోత కాదు, న్యాయం కావాలని ఆమోసు ప్రవక్త ఏనాడో మొత్తుకున్నాడు. ఆ మోతలో ఆయన గొంతు ఎవరికి వినపడుతుంది?

మా కాలమంతా పరిశుద్ధమని అనను. ఒకే గుళ్లో కులానికో వైపు కూర్చున్న చోట్లున్నాయి. అది పచ్చి అన్యాయం. పెళ్లి సంబంధాల దగ్గర ఆ ఒక్కటి మాత్రం మీరు భద్రంగా కాపాడుకొస్తున్నారు!

నేనిలా సణిగితే మా మనవడు బైబిల్లో రోమా పత్రిక తెరుస్తాడు. "తాతయ్యా, నీతిమంతులయ్యేది విశ్వాసం వల్ల, పనుల వల్ల కాదు." ఒరే అబ్బాయ్, కాదన్నానా? యాకోబు పత్రికా ఆ గ్రంథంలోనే ఉందిగా! కోతవాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని అయిదో అధ్యాయంలో రాశాడు. సుంకరి జక్కయ్య యేసు పిలిస్తే చెట్టు దిగి పాట పాడలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ మాట విన్నాకే.

కూలివాడి కూలి తెల్లారేదాకా మన దగ్గర ఉండకూడదని లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది. కాబట్టి నాయనలారా, అమ్మలారా, పనిమనిషి జీతం, కూరగాయలామె అరువు, తమ్ముడి వాటా ఏది బాకీ ఉన్నా శనివారం చీకటి పడేలోపు తీర్చేయండి. తీర్చి గుడికి రండి.