కిలో ఎంతకు తీసుకుంటవ్?

మనవాళ్లకు చెత్త వేరు చేయడం చేతకాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అలా అనేవాళ్లు సికింద్రాబాద్ బోయిగూడ వచ్చి మా అమ్మను చూసి ఉండరు.

మా ఇంట్లో పాలప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క ఊడి రాకూడదు. ఊడితే తూకంలో నష్టం. ఖాళీ ప్యాకెట్ కడిగి పొయ్యి పక్క టైల్స్‌కి అతికిస్తే సాయంత్రానికి ఆరి దానంతటదే రాలిపడుతుంది. తెలుగు పేపర్లదొక కట్ట, ఇంగ్లీషు పేపర్లది ఇంకో కట్ట. ఇంగ్లీషుకు కిలోకు ఒకట్రెండు రూపాయలు ఎక్కువిస్తాడు కాగితాలాయన. (ఈ అన్యాయం మీద భాషాభిమానులెవరూ ఇంతవరకు ధర్నా చేయలేదు.) అట్టపెట్టెలు మంచం కింద, సీసాలు మెట్ల కింద, ఇనుము బాల్కనీలో. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు ఉండ చుట్టి కిటికీ సందులో. పాత బట్టలు స్టీలు సామాన్లామె కోసం. నా పెళ్లినాటి సఫారీ సూటు ఇచ్చి, పూటంతా బేరమాడి అమ్మ సంపాదించిన గిన్నెలో ఇప్పటికీ చారు కాస్తున్నాం.

ఇంత పకడ్బందీగా నడుస్తున్న ఇంటికి 2015లో జీహెచ్‌ఎంసీ రెండంటే రెండు డబ్బాలిచ్చింది. తడిచెత్తకు ఆకుపచ్చది, పొడిచెత్తకు నీలంది. నగరంలో 22 లక్షల ఇళ్లకు 44 లక్షల డబ్బాలన్నారు. మా నీలం డబ్బాలోకి ఉల్లిగడ్డలు చేరాయి, ఆకుపచ్చ దాంట్లోకి బియ్యం. పక్కింటి ఆంటీ రెండింట్లోనూ మట్టి పోసి కరివేపాకు, తులసి పెట్టింది. చెత్త మాత్రం ఎప్పట్లాగే తడీ పొడీ ఒకే క్యారీబ్యాగులో, మూతి ముడేసి గుమ్మం బయట.

“వేరే వేరే పెట్టాలమ్మా” అన్నాడొకరోజు చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో పిల్లవాడు.

“పెడితే ఏమన్నా పైసలిస్తవా బిడ్డా?” అంది అమ్మ.

వాడి దగ్గర జవాబు లేదు. మన లెక్కలో చెత్త అంటే రేటు పలకని వస్తువు, అంతే. రేటుంటే మంచం కింద దాస్తాం, లేకపోతే గోడ అవతలికి విసురుతాం. స్టేషన్ వెనక దిగి మా కట్టెల డిపోలు, స్క్రాప్ గోదాముల పక్కగా నడిచి చూడండి. రోడ్డు మీద ఒక్క ఇనుప మేకు దొరికితే ఒట్టు. దొరికేవల్లా చిప్స్ ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, చాయ్ కప్పులు. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పూత ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి, విడదీస్తే గిట్టదు. కాగితం కప్పుకూ లోపల ప్లాస్టిక్ పూతే. అందుకే వాటిని ఎవరూ వంగి ఏరుకోరు.

ఏరే పనిలో ఉన్నవాళ్ల గురించి ఒక మాట. 2022 మార్చి 23న తెల్లవారకముందే ఇక్కడి ఒక స్క్రాప్ గోదాములో మంటలు లేచాయి. పై గదిలో నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. మనం కట్టలు కట్టి అమ్మినవాటిని మళ్లీ విప్పి, రకాలు చేసి, మూటలెత్తేది అలాంటివాళ్లే. ఈ వీధి పాత సామాను గురించి రాస్తూ ఆ మాట దాటేయడం నావల్ల కాదు.

మా సందు చివర ఇదివరకు పెద్ద చెత్తకుండీ ఉండేది. జనం దాని చుట్టూ వేసేవాళ్లు, లోపల మాత్రం గేదెలకు వదిలేసేవాళ్లు. తరవాత నగరాన్ని కుండీల్లేని నగరం చేస్తామని దాన్ని ఎత్తుకుపోయారు. టోక్యోలోనూ 1995లో మెట్రో రైళ్లలో సరిన్ విషవాయువు దాడి జరిగాక చాలాచోట్ల కుండీలు తీసేశారట. అక్కడివాళ్లు చెత్త జేబులో పెట్టుకుని ఇంటికి పోతారు. మావాళ్లు కుండీ ఉన్న చోటే, కొలత తప్పకుండా వేస్తున్నారు. కుండీ పోయినా దాని ఆత్మ అక్కడే తిరుగుతోంది.

ఇలాంటి చోట్లకు ఆఫీసు భాషలో పేరుంది: గార్బేజ్ వల్నరబుల్ పాయింట్, ముద్దుగా జీవీపీ. అక్కడ శుభ్రం చేసి, సున్నం కొట్టి, రంగుల ముగ్గేశారు. ముగ్గు మీద చెత్త వేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? మర్నాడు పొద్దున్న చూస్తే ముగ్గు చెక్కుచెదరలేదు. సంచులన్నీ గీతకు బెత్తెడు అవతల, వరుసగా.

ఆ సంచులన్నీ చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చేరతాయి. 2020 నుంచి అక్కడ చెత్త కాల్చి కరెంటు తీస్తున్నారు, 19.8 మెగావాట్లతో మొదలైన ప్లాంటు. ఈ సంగతి అమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. “మన చెత్తతోని కరెంటు చేసి మళ్ల మనకే బిల్లేస్తున్నరా?” అని అప్పట్నుంచి ఆటో పిల్లవాడిని చూసే చూపే మారిపోయింది.

మొన్న ఆదివారం కాగితాలాయన వచ్చాడు. తక్కెడ కింద వేలు పెట్టకుండా అమ్మ కాపలా కాస్తుంటే, ఆయన కళ్లు వంటింటి మూల నీలం డబ్బా మీద పడ్డాయి.

“ప్లాస్టిక్ మంచిగుందమ్మా. ఇస్తరా?”

“సర్కారు చెత్త కోసమిచ్చిన డబ్బా అది, అమ్మొద్దు” అన్నాన్నేను.

అమ్మ అప్పటికే ఉల్లిగడ్డలు కింద గుమ్మరిస్తోంది. “కిలో ఎంతకు తీసుకుంటవ్?”