ఆపిల్ అయ్యవారు

ప్రతి గ్రామమునందును, ఆ గ్రామమున అనాయాసముగా పండెడిదానిని తృణీకరించి, ఎన్నడును పండనిదానికొఱకు శరీరమును పింఛనును సమానముగా ధారపోయు మహాశయు డొకడు తప్పక యుండును. అవుకులో నీ పదవి నలంకరించినవాడు విశ్రాంతోపాధ్యాయుడు. ఎదుట నందఱును సారూ యందురు; ఆయన వీథి మలుపు తిరుగగానే ఆపిల్ అయ్యవా రగును.

పొరుగున బనగానపల్లె. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బేనిషాను మామిడికి పుట్టినిల్లు. అయ్యవారి పెరటిలోనే తాతనాటి బేనిషాను చెట్టొకటి కలదు. పూతవేళ బూడిద తెగులును, తేనెమంచు పురుగును దానిని ఏటేట పీడించుచున్నను, ఒక్క పిచికారీకైన నోచుకొనక, అది తన బ్రతుకు తాను బ్రతుకుచు, గంపలకొలది కాయ లిచ్చుచునే యున్నది. మామిడికి రోగము వచ్చుట లోకసహజ మనియు, అందు విచారింపదగిన విశేష మేమియు లేదనియు ఆయన సిద్ధాంతము. విచారమంతయు ఆపిలునకే.

మొక్క నాటుటకు ముందు ఎన్నిక. ఆ యెన్నికలో అయ్యవా రనుభవించిన సుఖము, నాకు దోచినంతవఱకు, ఏ ఫలభక్షణమునందును దొరకునది కాదు. వియ్యంకుని వంశము విచారించు పిల్లతండ్రివలె ఆయన తెగుళ్ల చరిత్ర తిరుగవేసెను. స్కాబ్ తెగులు ఆకుపై మచ్చలుగా మొదలై కాయను పగుళ్లు వార్చుననియు, 1973లో కాశ్మీరమున అది మహామారియై తోటల నాశనము చేసెననియు, ఆ తెగులు నెదిరించు శక్తిని జపాను దేశపు అడవియాపిలు జాతినుండి గ్రహించి అమెరికా శాస్త్రజ్ఞులు 1970లో ప్రైమాను, 1978లో లిబర్టీని విడుదల చేసిరనియు, మన కాశ్మీరమునందును ఫిర్దౌస్, షిరీన్ అను నిరోధకరకములు కలవనియు, పాలు పోయవచ్చిన మనిషిని సయితము నిలువబెట్టి వినిపించెడివాడు. వినినవారు పాలు విరిగినను అడ్డు చెప్పలేదు.

ఇచ్చటనే ఒక చిక్కు. లిబర్టీ వంటి చెట్టు చలికాలమున ఏడు డిగ్రీలకు లోబడిన శీతలమును వందల గంటలు అనుభవించినగాని సరిగా మొగ్గ విప్పదు. అవుకులో పుష్యమాసపు తెల్లవాఱుజామున సయితము ఒక కంబళి చాలును. వేసవిలో పాదరసము 40 దాటి ఆడును. పోనీ, ఎండకోర్చు ఇజ్రాయేలు వారి అన్నా రకమును గొందమన్న, దానికి స్కాబ్ నెదిరించు శక్తి లేదు. అయ్యవారు చింతాక్రాంతుడయ్యెను. స్కాబ్ కలిగించు శిలీంధ్రము ఆకునకు సోకుటకు, వాతావరణ మెంత అనుకూలమైనను, ఆ యాకు సుమారు ఆఱు గంటలపాటైన తడిసి యుండవలెను. అవుకు వేసవిలో ఉతికిన పంచ ఆఱు నిమిషములు తడిగా నుండదు. ఈ సంగతి నేను మనవి చేయగా, "రోగము రాదని రక్షణ మానుదుమా?" అని నన్ను మందలించెను. ఆ ప్రశ్నకు నాయొద్ద నుత్తరము లేదు.

తుదకు హిమాచలములోని బిలాస్‌పూర్ జిల్లా, పనియాలా గ్రామమున హరిమన్ శర్మగారు ఉష్ణప్రదేశముల కనువుగా రూపొందించిన హెచ్.ఆర్.ఎం.ఎన్. 99 మొక్క వచ్చెను. గొయ్యి త్రవ్వబోగా మోకాటిలోతున నాపరాయి తగిలినది. అవుకులో నిది వార్త కాదు; ఇంటినేలలన్నియు దానితోనే పఱచిరి. సమ్మెటవానిని పిలిచి పగులగొట్టించి, అంటు నేలకు జానెడెత్తున నిలుచునట్లు నాటిరి. సున్నపుమట్టిలో వేళ్ల కినుము అందక, ఈనెలు పచ్చగా నుండగా ఆకు పసుపెక్కినది. అయ్యవారికి క్రొత్త తెగు లొకటి అవతరించినదన్న ఆనందము రెండు వారములు నిలిచెను.

పుష్యమున, మొక్కకు చలి చాలదని తలచి, సోడాబండివానియొద్ద మంచుగడ్డ కొని సంచులలో కొమ్మలకు వ్రేలాడదీసెను. చలి వేరునకు గాక మొగ్గకు తగులవలె నన్న సూక్ష్మమును గ్రహించినందులకు మెచ్చవలసినదే. ఇల్లాలు గడపదాటి వచ్చి, "ఏమండీ, దానికి జ్వరమా?" అని మాత్రమడిగి లోపలికి బోయినది.

ఆపైన, చలికాలమే యెఱుగని జావాద్వీపపు మలాంగ్ ప్రాంతమున, కాయ కోసినపిమ్మట రైతులు ఆకులన్నియు చేతితో దూసివేసి చెట్టును మరల పూయించెదరని ఆయన యెక్కడనో చదివెను. ఇది నిజమే. ఇంతవఱకు కాయయే లేదు గావున కోత యను ఘట్టమును విడిచి, పీట వేసికొని కూర్చుండి, గంపెడైన లేని ఆకును ఒక్కొక్కటిగా గిల్లి గంపలో వేయుచుండగా, మేకల తోలుకొని పోవుచున్న ముసలి కాపరి గోడకవతల ఆగెను.

"ఏంది సారూ, పోయినేడు మా మేక ఇదే పని చేస్తే పంచాయితీ పెట్టిస్తిరి గదా!"

నేను నవ్వు నాపుకొంటిని. అయ్యవారు నవ్వలేదు, నొచ్చుకొననుకూడ లేదు. ఆ మేక ఏ నెలలో తినినదో, ముదురాకు తినినదో లేతాకు తినినదో, తినిన యెన్నాళ్లకు చిగురు వచ్చినదో గ్రుచ్చిగ్రుచ్చి యడిగి, వాడు తల గోకికొనుచు చెప్పినదంతయు వ్రాసికొని, మఱుసటియేడు మేకను ఏ తిథినాడు తోలుకొని రావలెనో పంచాంగమున గుఱుతు పెట్టి, ముందుగానే పది రూపాయలు వాని చేతిలో నుంచెను.