ట్యాంకులో ట్యాంకరు

రాజంపేటలో ఏ బంకుకు పోయినా కుర్రోడు చెప్పే మొదటి మాట, "అన్నా, జీరో చూసుకో." చూసుకుంటాం. ఆ జీరో తర్వాత పారేదాంట్లో 20 శాతం ఎథనాల్ ఉందని మాత్రం ఎవరూ చూసుకోమనరు. పాలల్లో నీళ్లు పోస్తే కల్తీ, పెట్రోల్లో సారాకు సొంత తమ్ముణ్ణి పోస్తే హరిత ఇంధనం!

ఈ 20 శాతం కలపాలని 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని 2025కే కొట్టేశారు. గడువుకు అయిదేళ్ల ముందే పూర్తయిన సర్కారు పని ఇంకోటి ఉంటే చెప్పండి. ఇక మా నీళ్ల సంగతి చూడండి: చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు 2021 నవంబరులో కట్ట తెగి ఊళ్లను ముంచింది. మాకు నీళ్లొస్తే అట్లా వస్తాయి, లేదా ట్యాంకర్లో వస్తాయి.

ట్యాంకరంటే గుర్తొచ్చింది. చెరకు నుంచి లీటరు ఎథనాల్ తీయడానికి 2,860 లీటర్ల నీళ్లు కావాలని నీతి ఆయోగే 2021 నివేదికలో లెక్క కట్టింది. నా బండి ట్యాంకు పది లీటర్లు. అందులో ఎథనాల్ రెండు లీటర్లు. చెరకుదే అయితే 5,720 లీటర్ల నీళ్లు. మా వీధికొచ్చే ట్యాంకరు అయిదు వేల లీటర్లదే! అంటే ట్యాంకరు నీళ్లను తొడల మధ్య ఇరికించుకుని నేను నందలూరు దాకా పోయొస్తున్నానన్నమాట. పోనీ మైలేజీ పెరిగిందా? ఎథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడింట రెండొంతులే. అందుకే ఈ పెట్రోలు మామూలు దానికన్నా చవగ్గా అమ్మాలని అదే నివేదిక సలహా ఇచ్చింది. నీళ్ల లెక్కలాగే ఆ పేజీ కూడా ఎవరూ తిప్పినట్టు లేదు.

చక్కెర మిల్లులో మిగిలే మొలాసిస్‌తో చేస్తే నాకేం పేచీ లేదు. అది చాలక బియ్యం మీద పడ్డారు. ఎఫ్‌సీఐ బియ్యాన్ని 2025లో డిస్టిలరీలకు కిలో 22 రూపాయల 50 పైసలకిచ్చారు. సేకరించి, గోదాముల్లో దాచేసరికి ఆ సంస్థకు అయ్యే ఖర్చు కిలోకు దాదాపు 40. రేషను బియ్యం కాకినాడలో ఓడెక్కితే స్మగ్లింగు, నా బండెక్కితే స్వావలంబన.

రైతు ఇక అన్నదాతే కాదు, ఇంధనమిచ్చే 'ఊర్జాదాత' కూడా అంటారు కేంద్ర మంత్రి గడ్కరీ. తుంగభద్రకు అవతల గద్వాల జిల్లా పెద్దధన్వాడలో ఊర్జ మాకొద్దు, ఈ ఎథనాల్ ఫ్యాక్టరీ మా నీళ్లూ గాలీ పాడు చేస్తుందని రైతులు తిరగబడ్డారు. 2025 జూన్‌లో వాళ్లను బేడీలతో కోర్టుకు తెచ్చారు. కొత్త బిరుదుకు కంకణాలు తొడగాలి కదా!

మొన్న ట్యాంకరు దగ్గర క్యూలో నిలబడి ఈ లెక్కంతా మా వీధి అవ్వకు చెప్పినా. చాలాసేపు వింది. వంతు రాకముందే క్యూ వదిలి, బిందె చంకన పెట్టుకొని, నా బండి చుట్టూ ఒక తూరి తిరిగి చూసింది.

"ట్యాంకరు నీళ్లు ఇందులోనే ఉండాయంటివే నాయనా, కొళాయి యాడుంది?"