సెటిలయ్యావా బాబూ?

పెళ్లి భోజనంలో పులిహోర మారు వడ్డించేలోపు ఈ ప్రశ్న రాకపోతే అది తెలుగువాళ్ల పెళ్లి కాదేమోనని నా అనుమానం. "ఏం బాబూ, సెటిలయ్యావా?" సుఖంగా ఉన్నావా అని ఎవరూ అడగరు. సుఖం ఎవరిక్కావాలి? దాన్ని పక్కింటివాళ్లకి చూపించలేం, బ్యాంకులో తాకట్టు పెట్టలేం.

సెటిల్మెంటు అనే మాట మనకి కొత్తేం కాదు. స్థలాల తగాదాల్లో రౌడీలు చేసేది సెటిల్మెంటు. తాతగారు ఆస్తి రాసిచ్చేది సెటిల్మెంటు దస్తావేజు. పునాది కుంగి గోడ పగిలితే ఇంజనీరు దాన్నీ సెటిల్మెంటనే అంటాడు. పిల్లల విషయంలో ఈ మూడూ వరసగా జరుగుతాయి. పదిమంది కూర్చుని తేలుస్తారు. 1961లోనే చట్టం వద్దన్న కట్నాన్ని లాంఛనాలని పేరు మార్చి రాసుకుంటారు. మిగతా సంగతి గోడ చూసుకుంటుంది.

దారి మాత్రం ఒక్కటే. ముందు ఎంసెట్. దాని పేరు ఈఏపీసెట్‌గా మారింది గానీ ఆ నెలలో అమ్మానాన్నల బీపీ మారలేదు. తర్వాత అమెరికా. అక్కడ హెచ్-1బి వీసాలకి ఏటా 85,000 అని పరిమితి, ఎవరికి దక్కుతుందో తేల్చేది లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుం కూడా పెట్టారు. మనకి చిలుకూరు బాలాజీ ఉన్నాడు కదా! కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. అసలు తిరుగుడంతా వీసా వచ్చాకేనని స్వామికి ముందే తెలిసినట్టుంది.

ఆపైన పెళ్లి. మూడో నెల నుంచి "విశేషమేమైనా ఉందా?" విశేషం పుట్టగానే "రెండోది ఎప్పుడు?" ఆ పుట్టినది ఆరో తరగతికి రాగానే ఐఐటీ ఫౌండేషన్. ముప్ఫై దాటిన ఆడపిల్ల పెళ్లి చేసుకోకుండా హాయిగా ఉంటే మాత్రం ఆ హాయి పైకి నటనేనని తీర్మానిస్తారు. పెళ్లి చేసుకుని ఏడుస్తుంటే "కాపురమన్నాక తప్పుతాయా" అని సర్దేస్తారు. మొదటిదాన్ని చూసి జాలి, రెండోదానికి అక్షింతలు.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి కడియం నర్సరీల్లో మామిడి అంట్లు కడుతున్నాడు. చుట్టాలంతా ముందు ఉద్యోగం తీసేశారనుకున్నారు. కాదన్నాక ప్రేమ విఫలమైందనుకున్నారు. అదీ కాదనేసరికి జాతకం అడిగారు. ఇష్టపడి వెళ్లాడన్నది మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

మొన్న పెళ్లిలో వరసకి అత్తయ్య ఒకావిడ వాణ్ణి పట్టుకుంది.

"ఏరా, ఇంకా ఆ మొక్కలేనా?"

"అవునత్తయ్యా. హాయిగా ఉంది."

"హాయికేంలే. సెటిలయ్యేదెప్పుడూ?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆవిడ నాకేసి తిరిగి గొంతు తగ్గించింది. "డాలస్‌లో మావాడు బంగారంలా సెటిలయ్యాడు బావగారూ. నిద్రే సరిగ్గా పట్టదట. అర్ధరాత్రి దాటాక వీడికి ఫోన్ చేసి గంటలు గంటలు ఆ చెట్ల గురించే అడుగుతాడట, ఏమిటో!"

వెళ్తూ వెళ్తూ వాడి భుజం తట్టింది. "ఒరేయ్, మా విల్లా ముందర ఖాళీగా ఉంది. మంచి బంగినపల్లి అంటు ఒకటి తెచ్చి పాతిపెట్టు. ఊరికే కాదులే, ఆటో ఖర్చులిస్తాను."