నలభై దాటాక రాకాసిలోయలో దిగడం ఎలా

చిన్నప్పుడు చదివిన చందమామ సీరియళ్లను మళ్లీ చదివి, ఉన్న మంచి జ్ఞాపకాన్ని కాస్తా పాడుచేసుకుందామని ఉబలాటపడేవాళ్ల కోసం ఈ పద్ధతి. నందికొట్కూరు వాతావరణానికి సరిపోయేట్టు రాశాం. వేరే ఊళ్లవాళ్లు ఎండ కాస్త తగ్గించి వాడుకోవచ్చు.

కావలసినవి

ఏప్రిల్ నెల మధ్యాహ్నం ఒకటి. పిడికెడు వేయించిన బుడ్డలు, రెండు పిడికిళ్ల బొరుగులు. దగ్గరచూపు అద్దాలు. చార్జింగు ఉన్న ఫోను. మంత్రతంత్రాల మీద నమ్మకం అక్కర్లేదు. దాదాపు ముప్పై ఏళ్లు ఆ పత్రికను వెనకుండి నడిపించిన కొడవటిగంటి కుటుంబరావే పచ్చి హేతువాది.

మొదటి మెట్టు: పుస్తకం సంపాదించండి

అటక మీద వెతకొద్దు. అక్కడ లేదు. మీరు కాలేజీకని కర్నూలు పోయిన ఏడాదే మీ అమ్మ చందమామ కట్టలన్నీ పాత పేపర్లవాడికి తూకానికి వేసి, వచ్చిన డబ్బుతో స్టీలు గిన్నె కొనింది. ఆ గిన్నె ఇంకా ఉంది, చూసుకోండి. ఆ లావాదేవీలో తప్పు పట్టడానికేమీ లేదు.

అంగట్లో అడిగి లాభం లేదు. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక 2007లో ముంబై కంపెనీ చేతికి పోయింది, మరికొన్నేళ్లకు అచ్చే ఆగిపోయింది. కాబట్టి పాత సంచికలను ఓపిగ్గా స్కాన్ చేసిపెట్టిన పుణ్యాత్ములెవరో పంపిన పీడీఎఫ్‌తో సరిపెట్టుకోండి. దానికి పాత కాగితం వాసన ఉండదు. కావాలంటే పక్కన పాత పంచాంగం పెట్టుకోండి.

ఏ సీరియల్ చదవాలని తటపటాయించొద్దు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 1978లో 'భల్లూక మాంత్రికుడు' దాకా దాసరి సుబ్రహ్మణ్యం డజను రాశారు. 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం'. పేరు చెప్పగానే ఒళ్లు జలదరించింది ఏదైతే, పాడుచేసుకోడానికి అదే తగింది.

రెండో మెట్టు: ఒక్క మధ్యాహ్నంలో చదివేయండి

ఇది చాలా ముఖ్యం. ఇక్కడ అశ్రద్ధ చేస్తే తర్వాతి మెట్లన్నీ దండగ.

సీరియల్ అంటే నెలకు కొన్ని పేజీలు. 'తోకచుక్క'లో సమరసేనుడు ఏకాక్షి మాంత్రికుడి చేతిలో పడబోతుండగా కథ ఆగేది. ఆ తర్వాత ముప్పై రోజులు ఆయన అట్లనే ఉండేవాడు. మీరు బడికి పోయి వచ్చేవారు, ఎక్కాలు తప్పు చెప్పి దెబ్బలు తినేవారు, జ్వరం తెచ్చుకునేవారు. ఆయన మాత్రం అక్కడే. ఇప్పుడు వేలితో ఒక్కసారి తోస్తే చాలు, బయటపడిపోతాడు. మధ్యలో భయపడడానికి తీరిక దొరకదు. అదే మనక్కావలసింది.

ఇంకో సంగతి. కర్నూలు బస్సులో వచ్చే చందమామ కట్ట ప్రతి నెలా సరిగ్గా వచ్చేది కాదు. వచ్చినా, శాఖా గ్రంథాలయంలో మీకంటే ముందు ఎవడో దాన్ని పట్టుకునేవాడు, లేకుంటే నడిమధ్యలో రెండు కాగితాలు చినిగి ఉండేవి. అట్లాంటి నెలల్లో కథ ఎవరు చెప్పేవారు? మీ వెనక బెంచీవాడు చెప్పేవాడు. వాడూ చదవలేదు. అయినా చెప్పేవాడు. వాడి కథలో నాలుగు కళ్ల మాంత్రికుడు చతుర్నేత్రుడికి ఐదో కన్ను కూడా వచ్చింది. మీరు దానికి కొంచెం చేర్చి మీ చెల్లెలికి చెప్పేవారు. ఆ పిల్ల అన్నం తినడం మాని వినేది.

ఇప్పుడు పీడీఎఫ్‌లో ఆ తప్పిపోయిన భాగం దొరుకుతుంది. తెరిచి చూడండి. ఐదో కన్ను లేదు. ఏళ్లతరబడి మీరు తలచుకుని మురిసిపోయిన ఘట్టం అసలు పుస్తకంలోనే లేదు. మంచి రచయిత రాసిన మామూలు నాలుగు పేజీలు ఉంటాయి, అంతే. ఈ పద్ధతిలో అన్నిటికంటే గట్టిగా తగిలే దెబ్బ ఇదే. తొందరపడకుండా పూర్తిగా అనుభవించండి.

మూడో మెట్టు: లెక్కలు తీయండి

పెన్సిలు పట్టుకోండి. కొండ అంచు నుంచి ఎంతమంది పడ్డారు, అందులో ఎంతమంది చెట్టుకొమ్మకు చిక్కుకుని బతికారు అని గీతలు పెట్టండి. మాంత్రికులు ఎందుకు వికటాట్టహాసం చేస్తారో, పని కాకముందే ఎందుకు చేస్తారో రాసుకోండి. ఆడవాళ్లు ఎంతమంది కనిపించారో లెక్కపెట్టండి. దీనికి ఒక చేతివేళ్లు చాలు.

తర్వాత అడవి మనుషుల దగ్గరికి రండి. ఆకులు చుట్టుకుని, ఈటెలు పట్టుకుని, కేకలు వేస్తూ వచ్చేవాళ్లు. చిన్నప్పుడు వాళ్లను చూసి భయపడ్డారు. ఇప్పుడు మీకు నల్లమల తెలుసు. ఆత్మకూరు సంతలో తేనె అమ్మే చెంచు ముసలాయనతో బేరమాడి, పది రూపాయలు తగ్గించుకుని వచ్చినవాళ్లు మీరు. ఆయన చేతిలో ఈటె లేదు, ఆధార్ కార్డు జిరాక్సు ఉంది. ఆ బొమ్మ పక్కన ఈ మనిషిని పెట్టి చూస్తే కొంచెం సిగ్గేస్తుంది. సిగ్గు వద్దనుకుంటే అద్దాలు తీసేయండి. చాలామంది అట్లనే చదువుతున్నారు.

ఇంగ్లీషువాళ్లకూ ఈ కష్టం ఉంది. 1950లో మొదలైన నార్నియా కథల్లో సింహాన్ని ప్రేమించి పెరిగినవాళ్లు కొందరు, పెద్దయ్యాక ఆ సింహం వెనక క్రీస్తు ఉన్నాడని తెలిసి, తమకు చెప్పకుండానే చర్చికి తీసుకుపోయారని నొచ్చుకున్నారు. మనకు ఆ బాధ లేదు. రాకాసిలోయ బ్రహ్మదండి మాంత్రికుడి వెనక ఎవరూ లేరు. ఆయనకు కావలసింది ధనరాశులు, అధికారం. పెద్దయ్యాక అట్లాంటివాళ్లను చాలామందిని చూశాం కాబట్టి, ఆయన మునుపటికంటే నిజమనిపిస్తాడు.

నాలుగో మెట్టు: స్థల పరిశీలన

పాతాళదుర్గం కోసం కర్నూలు కొండారెడ్డి బురుజుకు పోండి. దాని కింద సొరంగం ఉందని, అది తుంగభద్ర అడుగునుంచి గద్వాల దాకా పోతుందని మీ తాత చెప్పి ఉంటాడు. ఇప్పుడు అక్కడ సెల్ఫీ తీసుకుంటారు. రాకాసిలోయ కోసం కడప జిల్లా గండికోటకు పోండి. పెన్న కోసిన ఆ లోయ అంచున నిలబడితే కాళ్లు వణుకుతాయి. ఇక్కడ మన పద్ధతి కొంచెం పనిచేయదు, మన్నించండి.

శిథిలాలయం కోసమైతే దూరం పోనక్కర్లేదు. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఈ ప్రాంతపు ఊళ్లు ఎన్నో నీళ్లలో పోయాయి. వాటితోపాటు సంగమేశ్వరం గుడి. ఏటా ఎండాకాలంలో నీళ్లు తగ్గితే ఆ గుడి బయటికి వస్తుంది, పూజలు జరుగుతాయి, వానలు పడి కృష్ణ పొంగితే మళ్లీ లోపలికి పోతుంది. దాసరి సుబ్రహ్మణ్యం రాసి ఉంటే అతిశయోక్తి అనేవారు. అక్కడ పొలాలు పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ఆ మాట అనరు.

మాయల సంగతికొస్తే, చదివేనాటికి మీది కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4న తెల్లారేసరికి నంద్యాల జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు. చతుర్నేత్రుడికి కూడా ఇంత సులువుగా చేతకాదు.

ఐదో మెట్టు: రాసినవాళ్లను వెతకండి

చిన్నప్పుడు మీరు రచయిత పేరు చూడలేదు. చూసినా దొరికేది కాదు, దాసరి పేరు ఆ సీరియళ్ల మీద వేయలేదు. సంపాదకుడిగా చక్రపాణి పేరుండేది, కథలు దిద్ది తిరగరాసింది కుటుంబరావు. ఆ మాంత్రికులకు ముఖాలిచ్చింది 'చిత్రా' అని సంతకం చేసిన టి.వి. రాఘవన్. అట్టల మీద వడ్డాది పాపయ్య రంగులు. వీళ్లు నెలనెలా తమ పని తాము చేసుకుపోయారు. ఇది తెలిశాక లెక్కలు తీసిన పెన్సిలు కొంచెం మొద్దుబారుతుంది. మళ్లీ చెక్కొద్దు.

ఆరో మెట్టు: పిల్లలకు అంటగట్టండి

"మా కాలంలో..." అని మొదలుపెట్టండి. బిడ్డ లేచిపోతుంది. అంటగట్టడానికి ఇదే అతి తక్కువ ఖర్చుతో విఫలమయ్యే మార్గం.

పొరపాటున ఎదురు తిరిగి, "తర్వాత ఏమైతాది నాన్నా? లాస్టు పేజీ చూపీ" అని అడిగితే మాత్రం జాగ్రత్త. ఇప్పటిదాకా పాటించిన పద్ధతంతా చెడిపోయే సమయం అది. వెంటనే పీడీఎఫ్ తెరిచి చివరి పేజీ చూపించండి. బిడ్డకు విసుగు పుడుతుంది, మీకు ప్రాణం కుదుటపడుతుంది.

అట్లా చేయబుద్ధి కాకపోతే, మా పద్ధతి మీకు పట్టలేదని అర్థం. అప్పుడు ఫోను జేబులో పెట్టేయండి. పుస్తకం దొరకలేదని చెప్పండి. మిద్దె మీద పక్కలేసుకుని, తర్వాతి భాగం మీరే కల్పించి చెప్పండి. మాంత్రికుడికి కళ్లు ఎన్నని బిడ్డ అడిగితే తడుముకోవద్దు.

ఐదని చెప్పండి.